పాపాల పటానికి నా ముఖం

నెలకు ఇద్దరు ముగ్గురు పిల్లలైనా ఫోన్ చేస్తారు. "అంకుల్, చేత్తో పటాలు వెయ్యడం నేర్పిస్తరా? వీడియో తీసుకోవచ్చా?" అని అడుగుతారు. నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. టీ గ్లాసు పట్టుకుంటేనే వేళ్లు వణుకుతున్నాయి. కూర్చోబెట్టి నేర్పించే ఓపిక లేదు కాబట్టి, ఈ పనిలో అసలేముందో రాసి పెడుతున్నాను. ఏ రంగులో ఎంత నూనె కలపాలో ఇందులో ఉండదు, అది రంగుల దుకాణం వాడే చెప్తాడు. నాకు కప్పిన శాలువాల ముచ్చట కూడా ఉండదు. వచ్చినవి రెండే. రెండూ నా భార్య సుగుణ చలికాలం కప్పుకుంటుంది.

నా పేరు సామేలు. మేడ్చల్‌లో పని నేర్చుకుని, శామీర్‌పేట దగ్గర మా ఊళ్లో షెడ్డు వేసుకుని నలభై ఏళ్లు చేశాను. దుకాణాల బోర్డులూ రాశాను కానీ ఫ్లెక్సీలు వచ్చి అవి పోయాయి. పోకుండా మిగిలింది ఒక్కటే, పాపాల పటం అనే పాత గుడ్డ బొమ్మకు నకళ్లు తీయడం. నన్ను ఆర్టిస్టు అన్నవాళ్లను అక్కడే ఆపేవాణ్ణి. ఆర్టిస్టు తన బుర్రలోంచి తీస్తాడు, నేను ఎదురుగా ఉన్నది చూసి దించుతాను.

ఆ పటం మంచమంత ఉంటుంది. ఇరవై నాలుగు గళ్లు, గడికొక పాపి. పాలల్లో నీళ్లు కలిపినవాడు ఆ నీళ్లలోనే మునుగుతూ, మునుగుతూ కూడా కొలతగిన్నె చాపి ఇంకొంచెం నీళ్లు ముంచుకుంటుంటాడు. ఇల్లు అంటుకుంటే పిసినారి ఇంటివాళ్లను వదిలేసి తాళంచెవుల గుత్తి వెతుక్కుంటుంటాడు. పొలం కొలిచే పట్వారి గొలుసు సాగదీస్తుంటాడు, ఆ గొలుసు వెనక నుంచి వచ్చి వాడి కాళ్లకే చుట్టుకుంటుంది. తీర్పు చెప్పాల్సిన పెద్దమనిషి నిద్రపోతుంటే కోడి ఎక్కి తలపాగాలో గుడ్డు పెడుతుంది. దొంగసాక్ష్యం చెప్పినవాడి నాలుక మోకాళ్ల దాకా వేలాడుతుంది, వాడు దాన్నే తొక్కుకుని బోర్లా పడబోతుంటాడు. ఇది చూసి మనిషి నవ్వాలి, నవ్వాక సిగ్గుపడాలి. నవ్వడం వరకు బాగానే జరిగేది.

ఉస్తాద్ అద్దం

ఆ పటం మా ఉస్తాద్ లచ్చన్నది. వాళ్ల తాత దాన్ని భుజాన వేసుకుని జాతర్లలో తిప్పి, కర్రతో ఒక్కో గడి చూపిస్తూ కథ చెప్పేవాడట. లచ్చన్నకు కథ చెప్పే గొంతు లేదు, దించే చెయ్యి ఉంది. మేడ్చల్ బస్టాండు వెనక రేకుల కొట్టంలో పని చేసేవాడు.

మొదటి ఏడాది నాతో గళ్లు మాత్రమే కొట్టించాడు. సున్నం పూసిన దారాన్ని రెండు కొసలా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద గీత పడుతుంది. అసలు పటం మీద జానెడు గడి, గోడ మీద రెండు మూరల గడి. గడిలో ఏముందో చూసి అంతే పెద్దగా వేసుకుంటూ పోవాలి. ఎక్కడా తెలివి వాడకూడదు. తెలివి వాడినప్పుడల్లా ఉస్తాద్ దారం నెత్తి మీద కొట్టేవాడు, నెత్తి మధ్యలో తెల్లటి గీతతో ఇంటికి పోయేవాణ్ణి.

తెలివి వాడాల్సిన చోటు ఒక్కటుంది. మడిచీ విప్పీ, జనం వేలు పెట్టి చూపించీ, ఆ గుడ్డ మీద పాపుల ముఖాలన్నీ అరిగిపోయాయి. ఒళ్లుంది, బట్టలున్నాయి, మెడ మీద మాత్రం వట్టి మరక. ముఖం మనమే పెట్టాలి.

నేను మొదటి పాపికి ఏదో తోచిన ముఖం గీస్తుంటే ఉస్తాద్ కుంచె గుంజుకున్నాడు. గూట్లోంచి మంగలి అద్దం ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"అరే సామేల్, ఎవ్వలి మొఖం వెట్టినా లొల్లే. నీ మొఖం వెట్టు. నీ మీద నువ్వు కేసు వెయ్యవు గదా."

"అన్ని గళ్లల్ల నేనేనా ఉస్తాద్?"

"ఏం, నువ్వేమన్న ఆకాశం నుంచి వడ్డవా?"

ఆ కట్టుబాటు ఎందుకు పెట్టుకున్నాడో తర్వాత చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన దొంగతూకం వేసేవాడికి ఊహించి ఒక ముఖం పెట్టాడు. బియ్యం దుకాణం సేటు ఒకాయన అది తన ముఖమే అని దుడ్డుకర్ర తీసుకుని వచ్చాడు. ఉస్తాద్ ఆ సేటును అంతకుముందు చూసింది కూడా లేదు. నాలుగు దెబ్బలు తిన్నాక గానీ పరిచయం కాలేదు. ఆ రోజే కొట్టంలోకి అద్దం వచ్చింది.

అలా ఇరవై నాలుగు గళ్లలోనూ నేనే. చాడీలు చెప్పే ఆడమనిషి గడిలో కూడా నాకే కొప్పు పెట్టుకునేవాణ్ణి. పెళ్లైన కొత్తలో సుగుణ అది చూసి, "కొప్పు వెట్టుకుంటే అచ్చం మీ అక్క లెక్కనే ఉన్నవ్" అంది. మా అమ్మ మాత్రం, కొడుకు నీళ్లల్లో మునుగుతున్నాడని ఏడ్చి, పాస్టర్ గారితో ప్రార్థన చేయించింది. వాళ్లిద్దరు తప్ప నలభై ఏళ్లలో ఇంకెవరూ నన్ను గుర్తుపట్టలేదు. పటం ముందు నిలబడ్డ ప్రతివాడూ నా ముఖం చూసి, "అరె, గీడు మా బామ్మర్ది లెక్కనే ఉన్నడు గదనే" అని మురిసిపోయేవాడు. నేను పక్కనే నిచ్చెన మీద ఉండేవాణ్ణి.

కొనేవాళ్లు

మీరు ఈ పనిలోకి వస్తే ముందు కొనేవాళ్లను ఓర్చుకోవాలి. పాపాలు వాళ్లకు కావాలి, తమవి తప్ప.

సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక బడి వాళ్లు వరండాలో పటం వేయమన్నారు. సగం అయ్యాక ప్రిన్సిపాల్ వచ్చి, నిద్రపోయే పెద్దమనిషి దగ్గర ఆగిపోయాడు. "గీన మా లెక్కల మాస్టర్ లెక్క ఉన్నడు. తీసెయ్యండి. గా జాగల హోంవర్క్ చెయ్యని పోరన్ని పెట్టండి," అన్నాడు. కోడినేం చెయ్యాలి అని అడిగాను. కోడిని ఉంచమన్నాడు. ఆ బడి గోడ మీద ఇప్పటికీ ఒక కుర్రాడి నెత్తి మీద కోడి గుడ్డు పెడుతుంటుంది, ఎందుకో ఎవరికీ తెలియదు.

కుత్బుల్లాపూర్‌లో ఒక బారు యజమాని తాగుబోతు గడి ఒక్కటే కావాలన్నాడు, అదీ నిలువెత్తున. ఆ గడిలో తాగుబోతు ఇంటి తలుపు తాకట్టు పెట్టి తాగి వచ్చి, కొట్టడానికి తలుపు లేక గోడను కొడుతుంటాడు. నెల తర్వాత పోయి చూస్తే జనం గ్లాసులు పట్టుకుని దాని ముందు వరసలో నిలబడ్డారు. "మస్తు నడుస్తాంది అన్నా! ఫొటోల కోసమే వస్తున్నరు," అని యజమాని నా చేతులు పట్టుకున్నాడు. నా బొమ్మ వల్ల తాగుడు పెరిగిన చోటు అదొక్కటే అనుకుంటాను.

మా చర్చి వాళ్లను కూడా వదిలిపెట్టను. మగ పెద్దలు వచ్చి, ఆడవాళ్లు కూర్చునే వైపు చాడీల గడి పెద్దగా వేయమన్నారు. మర్నాడు ఆడవాళ్లు వచ్చి, మగవాళ్ల వైపు తాగుబోతు గడి దానికి రెండింతలు వేయమన్నారు. వారం రోజులు ఆ గొడవ నడిచింది. చివరికి గోడకు లిల్లీ పూలు వేయించారు. అవి బాగా కుదిరాయి, ఎవరి బామ్మర్దికీ పోలిక లేదు.

ఇగ శామీర్‌పేట రిసార్టుల వాళ్లయితే తిండిపోతు గడిని బఫే బల్లల పైనే పెట్టించుకుంటారు. జనం దాన్ని చూసి నవ్వుతూ రెండోసారి ప్లేటు నింపుకుంటారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నా పటం ముందు ఒక్కడూ తన భుజం తడుముకోలేదు, పక్కవాడి భుజమే తడిమి చూపించాడు. ఇదంతా చూసి చూసి నేను గొప్ప తత్త్వవేత్తనైపోయాను. లోకంలో అందరి పాపాలూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్నంత పొగరు పట్టింది. గురివింద గింజ ముచ్చట అప్పుడు గుర్తుకు రాలేదు.

హద్దు

మా ఊరు తూంకుంట అవతల ఉంటుంది. మా నాయిన కొన్న జాగాలోనే నా షెడ్డు. పక్క జాగా ఈరమ్మది. భర్త పోయాక పాలకూర, తోటకూర, గోంగూర పెట్టుకుని శామీర్‌పేటలో అమ్ముకుని బతుకుతుంది. మా ఇద్దరి జాగాల వెనకా ఒకప్పుడు జొన్న చేను ఉండేది. దాన్ని ఒక వెంచర్ కంపెనీ వాళ్లు కొని ప్లాట్లు చేశారు.

కంపెనీ వాళ్లు మా వెనక హద్దుగా రాతి కడీలు పాతారు, రోడ్డుకు సమానంగా, గీత గీసినట్టు. ఈరమ్మ లబోదిబోమంది. ఆమె ఆకుకూరల మడుల్లో సగం కడీలకు అవతల పడ్డాయి. బావి కూడా అవతలే పడింది.

మా ఊళ్లో హద్దు తగాదా వస్తే బాలయ్యను పిలుస్తారు. చెరువులో చేపలు పట్టుకునే మనిషి. పడుచువాడుగా ఉన్నప్పుడు పట్వారి వెంట గొలుసు కొస పట్టుకుని ఊరి పొలాలన్నీ తిరిగాడు. ఏ రాయి ఎక్కడ పాతారో కాగితాలు మర్చిపోయినా ఆయన మర్చిపోడు. సర్వే ఆఫీసు వాళ్లు కూడా వస్తే ముందు బాలయ్య ఇంట్లో చాయ్ తాగి గానీ టేపు తీయరు. ఆ మాట మీద గౌరవమే ఆయన ఆస్తి. నాకు బాలన్న. చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది ఆయనే.

బాలయ్య వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "హద్దు సీదా పోదు బిడ్డా, ఏటవాలుగ పోతది. గా చెరువు దిక్కు పెద్ద గుండురాయి కాడికెల్లి, గిటు సామేలు షెడ్డు కింద రాయి దాక. రాయి మీద గంటు ఉంటది. ఒక మూల పలిగి ఉంటది, నేనే గడ్డపార జారి పలగ్గొట్టిన. పట్వారి చెంప మీద ఒక్కటి ఇచ్చిండు, ఇంక యాదికున్నది."

ఏటవాలుగా పోతే లెక్క ఇదీ. కంపెనీ కడీలు ఈరమ్మ వైపు బాగా వెనక్కి జరగాలి, ఆమె మడులూ బావీ ఆమెకే వస్తాయి. నా వైపు మాత్రం గీత లోపలికి వస్తుంది. నా షెడ్డు వెనక పది అడుగులు, ఉత్తరం వెలుతురు పడే కిటికీతో సహా పోతుంది. ఆ కిటికీ కిందే నేను ముఖాలు వేసేది.

"నా షెడ్డు కింద గడ్డపార వెట్టనియ్య," అన్నాను అందరి ముందూ.

మర్నాడు కంపెనీ మేనేజరు నా షెడ్డుకు వచ్చాడు. మీ పది అడుగుల జోలికి మేం రాము సార్ అన్నాడు. బాలయ్యకు ఈరమ్మ దూరపు చుట్టమట సార్ అన్నాడు. ఆ తర్వాత, ఊళ్లో కొత్తగా కట్టిన కమ్యూనిటీ హాలులో గోడ నిండా పాపాల పటం వేయించి ఊరికి కానుకగా ఇస్తామన్నాడు. ఒక్కటే కోరిక.

"గా గొలుసు సాగదీసేటోడి గడి మాత్రం వద్దు సార్. కస్టమర్లు వేరే తీరుగ అనుకుంటరు. గా జాగల మా చైర్మన్ సార్ ఫొటో, దండం పెడుతున్నట్టు."

ఇరవై మూడు పాపాల మధ్య ఒక దాత. ఇదే ఇంకెవరైనా అడిగితే వారం రోజులు నవ్వుకునేవాణ్ణి. నాకు నవ్వు రాలేదు, పది అడుగులు దక్కాయన్న సంతోషమే వచ్చింది. సరేనన్నాను.

నేను చేసింది

గోడ మీద దొంగసాక్షి గడి దగ్గరికి వచ్చేసరికి అద్దం పక్కన పెట్టాను. దాని అవసరం లేకుండానే చెయ్యి నడిచింది. బాలన్న బట్టతల, ఎడమ చెవి దగ్గర పులిపిరి, పక్కకు ఒరిగిన మీసం. నా నలభై ఏళ్ల పనిలో అంత బాగా కుదిరిన ముఖం ఇంకోటి లేదు. కోపంతో వేస్తే పోలిక ఇంత బాగా వస్తుందని ఉస్తాద్ చెప్పలేదు.

హాలు తెరిచిన రోజు ఎవరూ బామ్మర్ది పేరు ఎత్తలేదు. లోపలికి వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆ గడి ముందు ఆగారు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. సాయంత్రానికి ఆయన పేరు నాలిక బాలయ్య అయింది.

రెండు రోజులకు బాలన్న నా షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"సామేలూ, నా నాలిక గంత పొడుగున్నదా?"

నేను పని ఆపకుండానే అన్నాను: "గది నువ్వని ఎవలన్నరే? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నవేంది?"

ఆయన కాసేపు నా వీపు చూసి వెళ్లిపోయాడు. ఈ వాక్యం రాయడానికి నాకు రెండు పూటలు పట్టింది.

ఊరి పెద్దలు హద్దు మాట తేల్చడానికి అదే హాలులో కూర్చున్నారు. ఈరమ్మ బాలయ్యను సాక్ష్యానికి పిలుచుకొచ్చింది. ఆయన నోరు తెరిచాడో లేదో మేనేజరు గోడ వైపు చూపించి, "గోడ మీద నాలిక తొక్కుకుంట పడుతున్న పెద్దమనిషి మాటేనా ఇనేది?" అన్నాడు. జనం ఘొల్లున నవ్వారు.  బాలయ్య తువాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఈరమ్మ ఒక్కతే నిలబడి, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. నా బాయి వోతాంది, మీకు నవ్వొస్తాంది," అంది. సర్కారు సర్వేయరు వచ్చి కొలిచేదాకా కడీలు ఎక్కడివక్కడే ఉండాలని తీర్మానించి పెద్దలు లేచారు. సర్వేయరు సోమవారం వస్తాడన్నారు.

నేను వెనక వరసలో ఉన్నాను. పెద్దమనిషి నిద్రపోవడం, కోడి గుడ్డు పెట్టడం పటంలో వెయ్యిసార్లు వేశాను. ఆ రోజు నా నెత్తి మీద కోడి ఎందుకు లేదో నాకే ఆశ్చర్యంగా ఉంది.

రాయి

ఆ బుధవారం షెడ్డు పక్క చూరు కింద, వెనక గోడకు పది అడుగుల ఇవతల, రేకు కిందికి వంగితే గుంజ పాతడానికి గుంత తవ్వుతున్నాను. మోకాలి లోతున గడ్డపార ఖంగుమంది. మన్ను చేత్తో తీశాను. నల్లరాయి. పైన గంటు. ఒక మూల పగిలి ఉంది.

వేలితో ఆ పగులు తడిమి చూశాను. బాలన్న ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. 

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. గోడ పూత కోసం తెచ్చిపెట్టుకున్న ఇసుక రెండు గంపలు ఆ గుంతలో పోశాను. పైన పాత డబ్బాలు పేర్చాను. గుంజ ఇంకో చోట పాతి, తేలు కుట్టిన దొంగలా ఇంట్లోకి వచ్చి కాళ్లు కడుక్కున్నాను.

సుగుణ వంటింటి కిటికీలోంచి అంతా చూసింది. అన్నం పెడుతూ అడిగింది.

"ఏంది గా గుంతల?"

"ఏం లేదు. రాయి."

"ఎసొంటి రాయి?"

నేను పప్పు కలుపుకుంటూ ఉండిపోయాను. ఆమెకు అర్థమైంది. మూడు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. శుక్రవారం మాత్రం, కూర గిన్నె నా ముందు పెట్టి, "గోంగూర. ఈరమ్మ ఇచ్చింది. పైసలిస్తే తీసుకోలే. తిను," అంది. ఎలా తినాలి?

శనివారం పొద్దున రిసార్టు వాళ్ల పటం ఒకటి పూర్తి చేయాల్సి ఉంది. ముఖాలు మాత్రమే మిగిలాయి. మళ్లీ పాత పద్ధతిలోకి వద్దామనుకుని అద్దం ముందు పెట్టుకున్నాను. పాలవాడు అయ్యాడు, పిసినారి అయ్యాడు, తాగుబోతు అయ్యాడు. నలభై ఏళ్లుగా అలవాటైన ముఖం, చూడకుండానే వస్తుంది. దొంగసాక్షి గడి వచ్చింది. అద్దంలోకి చూశాను. కుంచె ఎత్తాను, దించాను, మళ్లీ ఎత్తాను. ఆ గడికి ఆ ముఖం పెట్టడం అప్పటిదాకా వట్టి పని. ఆ పొద్దున నా చేత కాలేదు.

సుగుణ చాయ్ తెచ్చి నా వెనక నిలబడింది. అద్దంలో ఆమె కూడా కనబడింది.

"రాయి మీద ఇసుక వోసినవ్ సరే," అంది. "గీ మొఖం మీద ఏం వోస్తవ్?"

చాయ్ తాగలేదు. లేచి పోయి డబ్బాలు తన్ని, ఇసుక ఎత్తి పోసి, ఈరమ్మను పిలిచాను. ఆమె మడిలోంచి బురద చేతులతోనే వచ్చింది. గుంతలోకి వంగి చూసి, నన్ను చూసి, మళ్లీ గుంతలోకి చూసింది.

"ఎన్నడు దొరికింది సామేలన్నా?"

"బుధవారం."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "మూడొద్దుల సంది నిద్రలేదు నాకు," అని మాత్రం అని రాయి పక్కన కూర్చుండిపోయింది.

సోమవారం సర్వేయరు రాయి నుంచి గుండు దాకా టేపు లాగాడు. బాలయ్య చెప్పిన గీత అంగుళం అటూ ఇటూ పోలేదు. కంపెనీ వాళ్లు కడీలు పీకి వెనక్కి పాతుకున్నారు. ఈరమ్మ బావి ఈరమ్మకు వచ్చింది. నా షెడ్డు వెనక గోడ పడగొట్టారు, కిటికీ పోయింది. మేనేజరు వెళ్తూ వెళ్తూ, "మీకెందుకు సార్ గీ పంచాతి? మీ పది అడుగులు మీకుంటుండె," అని నిజంగానే బాధపడ్డాడు. అతను నా మేలు కోరినవాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

చివరి ముఖం

నిజం తేలితే అంతా సర్దుకుంటుందని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. బాలయ్య చెప్పింది నిజమని ఊరంతటికీ తెలిసింది, అయినా ఆయన నాలిక బాలయ్యగానే మిగిలాడు. హాలులో పెళ్లి జరిగినా, మీటింగు జరిగినా జనం ఆ గడి ముందు నిలబడి నవ్వడం మానలేదు. మాటతో చేసిన తప్పయితే మాటతో తుడవచ్చేమో. నేను ఎనామిల్ రంగుతో చేశాను.

బాలన్న ఇంటికి పోయాను. వాకిట్లో వల బాగు చేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"అన్నా, తప్పయింది. పొద్దుగాల ఎవ్వరు లేనప్పుడు పోయి తుడిపేస్త."

"ఎవ్వరు లేనప్పుడు ఎందుకు?" వల మీదే చూపు పెట్టి అన్నాడు. "పెట్టినప్పుడు అందరు ఉండిరి గదా."

నేను ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఐతారం రా. మీ చర్చి అయినంక. మంది ఉంటరు."

ఆదివారం నిచ్చెన, డబ్బాలు, ఉస్తాద్ ఇచ్చిన మంగలి అద్దం తీసుకుని హాలుకు పోయాను. అప్పటికే నా వేళ్లు వణకడం మొదలైంది. సుగుణ అద్దం పట్టుకుంది. చర్చి నుంచి వచ్చినవాళ్లు, చెరువు మీది నుంచి వచ్చినవాళ్లు, అందరూ గుంపుగా నిలబడ్డారు. ఈరమ్మ ముందు వరసలో ఉంది. బాలన్న తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ముందు ఆయన ముఖం మీద తెల్లరంగు వేశాను. ఆరాక అద్దంలో చూసుకుంటూ నా ముఖం మొదలుపెట్టాను. నా వంకర ముక్కు, కళ్ల కింద సంచులు, పై వరసలో ఊడిన పన్ను. వణుకుతో గీతలు అక్కడక్కడా తప్పాయి. పక్క గడిలో కంపెనీ చైర్మన్ దండం పెట్టి నవ్వుతూనే ఉన్నాడు.

వెనక నుంచి ఎవరో అన్నారు, "అరె, గిది మన సామేలు పెయింటరు గదా!"

నలభై ఏళ్లలో ఊరు నన్ను గుర్తుపట్టడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. కుంచె దించి అలాగే నిచ్చెన మీద ఉండిపోయాను. కళ్లు మసకబారాయి, అది శుక్లం వల్ల కాదు.

గుంపు పక్కకు జరిగింది. బాలన్న మెల్లగా నడిచి వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. నిచ్చెన కదులుతుంటే ఒక చేత్తో పట్టుకున్నాడు. తల పైకెత్తి గోడ మీది ముఖాన్ని, నన్ను, మళ్లీ గోడ మీది ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"మొఖం మంచిగనే కుదిరింది తమ్మీ," అన్నాడు. "నాలిక ఇంకింత పొడుగు గియ్యి."

గీశాను.